సీల్‌కి పెట్టిన పేరు

మా అమ్మమ్మ పేరు ఇక్కడ రాయను. ఒకసారి దాన్ని మైకులో జారవిడిచి ఒక వేసవంతా అనుభవించాను, ఆ బుద్ధి చాలు. కాయితాల మీద ఆవిడ పేరు ఓపల్. అది ఎవరు పలికినా నష్టం లేదు. నేను చెప్పేది అసలు పేరు సంగతి. ఉత్తరాన మంచు తీరంలో ఉండే మా ట్లింగిట్ తెగవాళ్లలో అలాంటి పేరు మనిషిది కాదు, ఇంటిది. మనిషి ఉన్నన్నాళ్లూ వాడుకుని, పోయేటప్పుడు ఇంటికి వదిలేసి పోవాలి. అమ్మమ్మకు ముందు ఆరుగురు ఆడవాళ్లు ఆ పేరుతో బతికారని మా మావయ్య హెర్మన్ వేళ్ల మీద లెక్క చెప్పేవాడు.

అమ్మమ్మ పోయిన మరుసటి వేసవిలో నాకు ఇరవై రెండేళ్లు. అమ్మ పడవ నడిపేది, నేను డెక్ మీద మైకు పట్టుకునేదాన్ని. ఒకప్పుడు సాల్మన్ చేపలు పట్టిన పడవే అది. నాన్న దానికి బల్లలు బిగించి, చుట్టూ అద్దాలు పెట్టి, ఇరవై ఎనిమిది మంది కూర్చునేలా చేశాడు. పెద్ద ఓడల్లో వచ్చిన జనం మా రేవులో దిగి, మంచునది చూడాలని మా పడవెక్కేవారు. సన్నటి సముద్రపు పాయలో రెండున్నర గంటలు పోతే చివర, ఆ నది ముక్కలుగా విరిగి నీళ్లలో పడే మంచుగోడ వస్తుంది. దారిలో ఎవరు ఎదురైతే వాళ్లను పరిచయం చెయ్యడం నా పని. వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పెట్టుకుని గుల్లలు పగలగొట్టుకునే నీటికుక్కలు, రాతి మీద చోటు కోసం పొద్దస్తమానం తిట్టుకునే సముద్ర సింహాలు, రంగు ముక్కుల పఫిన్ పిట్టలు, అదృష్టం బాగుంటే ఒక తిమింగలం. గోడ దగ్గరికి వెళ్లాక తేలే మంచుపలకల మీద సీల్స్ అనే నున్నటి నీటి జంతువులు, వాటి పిల్లలు.

అక్కడ అమ్మ ఇంజన్ ఆపేసి సరిగ్గా నలభై నిమిషాలు ఉండేది. నలభై ఒకటో నిమిషానికి బతిమాలినా ఆగదు. ఇప్పుడే విరిగేలా ఉంది, ఇంకాస్త ఉందాం అని జనం గొణిగేవారు. ఒకాయన, ఇంత దూరం తెచ్చి గోడకు నమస్కారం పెట్టించి తీసుకుపోతున్నారేమిటి అని నా మీద విరుచుకుపడ్డాడు. అమ్మకు చెబితే ఇంజన్ స్టార్ట్ చేసింది.

అంతకు ముందు ఆమె గడియారం చూసే మనిషే కాదు. ముందటి ఏడు సెప్టెంబరులో ఒక పొద్దున, అమ్మమ్మ మంచంలోంచి ఆమె చెయ్యి పట్టుకుని ఇవాళ వెళ్లకే అంది. రేవులో ఇరవై ఎనిమిది మంది నిలబడి ఉన్నారమ్మా, ఐదుకల్లా వచ్చేస్తా, ఏమైనా ఉంటే అప్పుడు చెబుదువుగాని అని అమ్మ వచ్చేసింది. ఆ రోజు మంచుగోడ ఎన్నడూ లేనంతగా విరిగింది. జనం ఇంకాసేపు, ఇంకాసేపు అన్నారు. అమ్మ ఇంకో గంట ఉండిపోయింది. మేం తిరిగొచ్చేసరికి ఆరయింది. మావయ్య టోపీ చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ ఐదున్నరకు పోయింది.

ఆ ఏడు మే నెలలో, సీజన్ మొదలవుతుండగా, డెక్ కడుగుతూ అమ్మ నాతో అంది, "ఏడాది విందులో అమ్మ పేరు నీకు పెడదామనుకుంటున్నాం, నేనూ మావయ్యా."

"నాకా? నాకెందుకు?"

"ఎవరో ఒకరి మీదికి రావాలిగా. వస్తే నేను దానితో ఒక మాట చెప్పాలి."

ఆ మాట ఏమిటని నేను అడగలేదు. ఐదుకి వస్తానన్న మాట గురించే అని ఇంట్లో అందరికీ తెలుసు. మాలో పేరు ఎవరికొస్తే వరస కూడా వాళ్లకే వస్తుంది. మా నాన్న క్లిఫర్డ్ తన మూడేళ్ల మేనకోడల్ని పిన్నీ అని పిలిచి, ఆ పిల్ల నమిలి ఇచ్చిన బిస్కట్టును వినయంగా పుచ్చుకోవడం చూస్తూ పెరిగాను నేను. అమ్మ చెప్పాల్సిన మాట ఎక్కడికీ పోలేక ఎనిమిది నెలలుగా ఆమె గొంతులోనే ఉంది. నా మీదికి ఆ పేరొస్తే నేను ఆమెకు అమ్మనవుతాను, అప్పుడు చెప్పేస్తుంది. అంతకంటే పెద్దది నాకు ఎవరూ ఏదీ అప్పగించలేదు ఆ వయసులో.

అయితే పేరు పెట్టడానికి ఒక పద్ధతుంది. మా తెగలో ఉన్నవి రెండే పక్షాలు, తల్లిది ఏదైతే పిల్లలదీ అదే. మేం కాకి పక్షం వాళ్లం, నాన్నవాళ్లు గద్ద పక్షం. విందుకు మేం వాళ్లను అతిథులుగా పిలవాలి. మా వాళ్లు పేరు ప్రకటిస్తే, అతిథులు దాన్ని నాలుగుసార్లు గట్టిగా పలకాలి. పెట్టేది మేం, నిలబెట్టేది వాళ్ల నోళ్లు. నాలుగోసారి పలికారంటే ఇక ఆ పేరు కదలదు.

జూన్ రెండో వారంలో పొగమంచు దిగింది. నాలుగు రోజులు అది పాయ వదల్లేదు. మంచుగోడ ఎదురుగా ఉందని నమ్మడమే గాని కనిపించేది కాదు. ఇంజన్ ఆపితే, చుట్టూ నీళ్లలో తేలే మంచుముక్కలు చిటపటమని పేలేవి. ఎప్పుడో వందల ఏళ్ల కిందట కురిసిన మంచులో చిక్కుకున్న గాలి ఇప్పుడు బయటికొస్తోందని మైకులో చెప్పేదాన్ని. లోపలెక్కడో ఉరిమినట్టయ్యేది, కాసేపటికి పడవ మెల్లగా లేచి దిగేది. ఏం విరిగిందో, ఎంత విరిగిందో తెలిసేది కాదు. తెల్లటి ఆకాశం ఎక్కడ అయిపోతుందో, తెల్లటి నీళ్లు ఎక్కడ మొదలవుతాయో కూడా తెలియక, జనం నిద్రపోతున్న ఇంట్లో ఉన్నట్టు గుసగుసగా మాట్లాడుకునేవారు. నాకు ఆ నాలుగు రోజులూ సగం కలలోనే ఉన్నట్టుండేది.

అప్పుడొక ముసలి సీల్ పడవ పక్కనే తల పైకెత్తింది. కుడి కంటి మీద తెల్ల మచ్చ, తెల్లబడ్డ మీసాలు. మామూలుగా అయితే చూసి మునిగిపోతాయి. ఇది మునగలేదు. టీ ఆలస్యమైతే అమ్మమ్మ ఎలా చూసేదో అచ్చం అలా నన్నే చూస్తూ ఉండిపోయింది. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, దీనికి పేరుందా అమ్మాయీ అని అడిగింది. ఉందన్నాను. ఏమిటంది. మైకు నోటి దగ్గరే ఉంది. అమ్మమ్మ పోయాక ఆ పేరు నేను పైకి అనలేదు, ఎవర్ననాలి గనక. అనేశాను.

ఆవిడ పలకడానికి ప్రయత్నించి నాలుక మడతపడి నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది, పొగమంచు కాబట్టి ఎవరికీ కనపడలేదు. అమ్మ పైన పడవ నడిపే గదిలో తలుపేసుకుని రేడియోలో మిగతా పడవలవాళ్లతో మంచు ఎలా ఉందో మాట్లాడుతోంది.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నేను ఊరుకోలేదు. ఆ సీల్ మర్నాడూ వచ్చింది, వారం తర్వాతా వచ్చింది. వచ్చినప్పుడల్లా పేరుతో పలకరించేదాన్ని. పొగమంచు పోయి ఎండలొచ్చాయి, అలవాటు పోలేదు. జనానికి మంచు విరగడం కన్నా ఇదే నచ్చింది. ఓడ దిగుతూనే, ఫలానా సీల్ ఉండే పడవ మీదేనా అని వెతుక్కుంటూ వచ్చేవారు. లోపల పీకుతూనే ఉండేది నాకు. అది మనిషి కాదుగా, వీళ్లు టిక్కెట్టు కొన్నవాళ్లేగాని పిలిచిన అతిథులు కారుగా అని సర్దిచెప్పుకునేదాన్ని. మళ్లీ పొద్దున్నే మైకు పట్టుకుని, మా అతిథులందరికీ స్వాగతం అనేదాన్ని.

జూలై ఆఖర్లో ఒక రోజు గాలన్నది లేదు. పాయలో కొండలు తలకిందులుగా, రాయీ చెట్టూ సహా కనిపిస్తున్నాయి. ఉక్కపోసి అమ్మ పైన తలుపు తీసి పెట్టుకుంది. నేను చూసుకోలేదు. సీల్ కొంచెం దూరంలో తేలింది, వెనక్కి తిరిగి ఉంది. అందరం కలిసి పిలిస్తే ఇటు తిరుగుతుందని నేనే అన్నాను. ఇరవై ఎనిమిది మంది పిలిచారు. నాకే వినపడలేదు, దానికేం వినపడుతుంది అన్నాను. మళ్లీ పిలిచారు. ఇంకా గట్టిగా అన్నాను. మూడు. ఇంకొక్కసారి అన్నాను. నాలుగోసారి గొంతులన్నీ ఒక్కటయ్యాయి. పలుకు ఎక్కడా తప్పలేదు. అది వెళ్లి మంచుగోడకు తగిలి, కాసేపాగి, మెల్లగా మా దగ్గరికి తిరిగొచ్చింది. గోడే ఆ పేరు పలికినట్టుంది. సీల్ ఇటు తిరిగింది.

తల తిప్పేసరికి పైన తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. నన్ను చూడ్డం లేదు. నీళ్లలోకి చూస్తోంది. కాసేపు చూసి లోపలికెళ్లి ఇంజన్ స్టార్ట్ చేసింది. మేం అక్కడికొచ్చి పన్నెండు నిమిషాలే అయింది. రేవులో తాడు కట్టి, జనాన్ని చెయ్యందించి దించి, నాతో ఒక్క మాట అనకుండా ఇంటికి నడిచిపోయింది.

ఆ సాయంత్రం మావయ్య దగ్గరికి వెళ్లాను. చేపలకు పొగపెట్టే పాకలో సాల్మన్ పట్టీలు దండేనికి వేస్తున్నాడు. అంతా చెప్పాను. మా ఇంటి పేర్లకూ విందులకూ పెద్ద ఆయనే.

"ఎన్నిసార్లు పలికారు?" అన్నాడు.

"నాలుగు."

"లెక్కపెట్టావా, ఊరికే అంటున్నావా?"

"నేనే పలికించాను మావయ్యా."

ఆయన చేతిలోని పట్టీ దండేనికి వేసి, చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చున్నాడు. "అయితే లోపమేం లేదు," అన్నాడు. "కాకి పక్షం పిల్ల ప్రకటించింది, అతిథులు నాలుగుసార్లు పలికారు, పైగా కొండా మంచూ కూడా పలికాయి. నేను ఇరవై ఏళ్లుగా విందులు చేయిస్తున్నా, ఇంత శుద్ధంగా ఒక్కటీ కుదర్లేదు. ఇప్పుడా సీల్ నాకు అమ్మ. కనపడితే లేచి నిలబడాలి కాబోలు."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. పొగ కళ్లలో పడుతోందని తన కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

ఆగస్టంతా ఇంట్లో మాటలన్నీ తాడు, లంగరు, నూనె గురించే. అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కోపమొస్తే ఆమె నన్ను మహాతల్లీ అంటుంది. ఆ మాట కోసం మొహం వాచిపోయాను. మైకులో ఏ జంతువునూ పేరుతో పిలవడం మానేశాను. ఆ పేరు అడుగుతూ వచ్చినవాళ్లకు, మరిచిపోయానని చెప్పేదాన్ని.

నెలాఖరున ఒక చినుకు రోజు, ఇంజన్ ఆగాక అమ్మ కిందికి దిగి డెక్ చివరికి వచ్చింది. సీల్ అప్పటికే అక్కడుంది. ఇద్దరికీ మధ్య పది బారల నీళ్లు. అమ్మ కమ్మీ పట్టుకుని వంగింది. నోరు తెరిచింది, మూసుకుంది. మళ్లీ తెరిచింది. తన మాట దానికి చెప్పేయబోతోందని నాకు అర్థమైంది. చెప్పేస్తే ఇక నాతో చెప్పడానికి ఆమెకు ఏమీ మిగలదు. సీల్ వింటుందో లేదో ఎవరికీ తెలియదు, అమ్మకు జవాబు మాత్రం రాదు. చినుకులు నీళ్ల మీద పడుతున్నాయి. యాభై నిమిషాలైంది, గంటయింది. జనం సంబరపడి ఫొటోలు తీసుకుంటున్నారు. అమ్మ చివరికి చేత్తో మొహం తుడుచుకుని, ఏమీ చెప్పకుండానే మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ రాత్రే నేను మావయ్యకు ఫోన్ చేసి, దీనికి విరుగుడు లేదా అని అడిగాను. ఇచ్చినవాళ్లే వెళ్లి అడగాలి, అంతకంటే వేరే దారి తన ముత్తాతలకూ తెలియదన్నాడు. ఇచ్చిన దాన్ని అడుక్కోవడం సిగ్గు కాదా అంది అమ్మ, పక్క గదిలోంచి. నెల తర్వాత నా విషయంలో ఆమె అన్న మొదటి మాట అది. సిగ్గు పడాల్సింది నీ కూతురు గనక అదే పడుతుందిలే, పడవ తియ్యి అన్నాడు మావయ్య ఫోన్లోంచే.

సెప్టెంబరు మధ్యలో ఆఖరి ఓడ వెళ్లిపోయాక, నలుగురం బయల్దేరాం. అమ్మ, నేను, మావయ్య, గద్ద పక్షం నుంచి సాక్షిగా నాన్న. ఇరవై ఎనిమిది బల్లలు ఖాళీగా ఉంటే పడవ పరాయిదానిలా ఉంది. కొండల మీద కొత్త మంచు పడింది. పాయంతా పల్చటి పొగ లేస్తోంది, వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. గోడ దగ్గర ఇంజన్ ఆపి చాలాసేపు కూర్చున్నాం. ఉత్త చేతుల్తో అడగకూడదన్నాడు మావయ్య. చేప వేద్దామంటే సీల్స్‌కు మేత పెట్టకూడదని చట్టం. నా దగ్గర ఇవ్వడానికేముందో ఆలోచించుకోమన్నాడు.

సీల్ వచ్చింది. ఈసారి నేను పిలవలేదు.

నాకొచ్చిన అరకొర ట్లింగిట్‌లో మాట్లాడాను. ఆ పేరు నాది కాదని, నాది కానిది ఇచ్చానని చెప్పాను. బెంగపడి ఇచ్చానని, దాని మొహం చూసి పొరపడ్డానని చెప్పాను. దీనికి బదులుగా ఇక నా జన్మలో జనం నవ్వడం కోసం దాని జాతి వాళ్లెవరికీ పేరు పెట్టనని, పెట్టనివ్వనని మాటిచ్చాను. మా అమ్మకు ఆ పేరు కావాలి, దయచేసి తిరిగిచ్చెయ్యమన్నాను. అది కదలకుండా వింది. నేను చెప్పడం అయిపోయింది. అప్పుడు నాన్న పెద్దగా తుమ్మాడు. సీల్ బుడుంగున మునిగిపోయింది.

ఇచ్చి వెళ్లిందా, తుమ్ముకు బెదిరి వెళ్లిందా అన్నది తేలాలి. నాన్న ముక్కు పట్టుకుని, తన తప్పేం లేదు, చలి అని గొణిగాడు. మావయ్య చాలాసేపు నీళ్లలోకి చూసి, "ఇవ్వనని చెప్పలేదుగా," అన్నాడు. అమ్మ మాత్రం ఏమీ తేల్చలేదు. తిరిగొచ్చే దారిలో టీ కలిపి తెచ్చి నా పక్కన పెట్టి పోయింది.

అక్టోబరులో ఊరి హాల్లో విందు చేశాం. అమ్మమ్మకు గొయ్యి తవ్వినవాళ్లు, మా ఏడుపులో కూర్చున్నవాళ్లు, గద్ద పక్షమంతా వచ్చారు. దుప్పట్లు, సీసాల్లో పెట్టిన సాల్మన్, ఎర్రపళ్ల జామ్ పంచాం. అమ్మమ్మ పేరున ఒక పళ్లెం తిండి నిప్పులో వేశాం. ఏడుపు భాగం అయిపోయి, నవ్వుల భాగం మొదలైంది. పేర్ల వేళయింది. అప్పటి వరకూ అమ్మ ఏం నిర్ణయించుకుందో నాకు తెలియదు. మా పిన్ని కూతురు ఆర్నెల్ల పాపను ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ పాప కూడా మా ఇంటి పిల్లే. దానికి పెడితే తప్పేం లేదు.

అమ్మ లేచి మధ్యలోకి వచ్చింది. పాపను దాటింది. నా భుజం మీద చెయ్యి వేసి ఆ పేరు ప్రకటించింది. గద్ద పక్షం వాళ్లు నాలుగుసార్లు పలికారు. అందరికంటే గట్టిగా నాన్న గొంతు వినిపించింది. మావయ్య తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నేను కూర్చునేదాకా కూర్చోలేదు.

తిండి పెట్టడం అయ్యాక, జనం లేస్తూ ఉండగా, అమ్మ ఒక పళ్లెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. జూలై నుంచి ఆమె నా పక్కన కూర్చోలేదు. పళ్లెం నా ఒళ్లో పెట్టింది. దాని అంచు మాత్రం వదల్లేదు.

"అమ్మా," అంది. ఆ పిలుపు నాకు కాదు. ఆ గొంతుతో ఆమె ఈ లోకంలో ఒక్కరినే పిలిచేది. "ఐదుకి వస్తానన్నాను. ఆరయిపోయింది."

ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. పర్వాలేదందామనుకున్నాను. కానీ అమ్మమ్మ నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎంత ఆలస్యమైనా, ఎంత కోపంగా ఉన్నా, పాయ నుంచి ఇంటికొచ్చినవాళ్లను ఆవిడ అడిగేది ఒకటే ఉండేది. అది నా నోట దానంతటదే వచ్చింది.

"మంచు విరిగిందా?"

అమ్మ పళ్లెం వదిలేసి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"విరిగిందమ్మా," అంది. "ముందు ఎడమ పక్కన చిన్న పెచ్చు ఊడింది. ఇక వచ్చేద్దామనే అనుకున్నా. ఇంజన్ మీద చెయ్యి కూడా వేశా. అప్పుడు నడిమధ్య నుంచి, మనింటంత ముక్క, నిలువునా, ఎంత మెల్లగా ఒరిగిందనుకున్నావు. దాని వెనకాల కొత్త మంచు నీలంగా…"

హాల్లో బల్లలు మడుస్తున్నారు, ఎవరో ఊడుస్తున్నారు. మా దగ్గరికి వచ్చి చూసి, చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోయారు. ఆ గంటలో ఏమేం విరిగిందో, ఎవరేమన్నారో, ఎన్నిసార్లు బయల్దేరబోయి ఆగిపోయిందో అమ్మ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అంతా అయిపోయేదాకా నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.